గొంతు కంటే ముందు వచ్చే సబ్‌టైటిల్

2023 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో మా ఆఫీసు. కింద పిల్లలు బ్యాంకు పరీక్షల లెక్కలు చేస్తుంటే, పైన మేం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏ దేశంలోనో ఎవరో ఏడ్చిన ఏడుపులకి తెలుగు రాస్తుంటాం. సబ్‌టైటిల్స్ మా పని. పెళ్ళిళ్ళలో బంధువులు "సినిమాల్లో చేస్తున్నావటగా, హీరోలను చూశావా?" అని అడుగుతుంటారు. మీ అందరికంటే దగ్గరగా చూశాను, ఒక్కో ఫ్రేమూ ఆపి మరీ చూశాను అంటాను. ఆ తర్వాత ఇంకేం అడగరు.

ఈ పనిలో మూడు మాటలు తెలిస్తే చాలు. స్పాటింగ్ అంటే ఒక మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టడం. మాట మొదలైనప్పుడే అక్షరాలు తెర మీదికి రావాలి, ఆగగానే పోవాలి. రీడింగ్ స్పీడ్ అంటే మనిషి కన్ను ఎంత వేగంగా చదవగలదో చూసుకుని, అంతకు మించకుండా రాయడం. మూడోది క్యూసీ, ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు వెతకడం. పదేళ్ళుగా నా ఉద్యోగం అదే. తప్పు కనిపిస్తే ఎర్ర గుర్తు పెడతాను. ఆఫీసులో నాకు స్నేహితులు ఎందుకు తక్కువో ఇక చెప్పనక్కర్లేదు.

ఆ వేసవిలో ఒక ఓటీటీ సంస్థ మొదటిసారి మాకు ఒక యానిమే ఇచ్చింది. యానిమే అంటే జపాన్‌లో గీసి తీసే బొమ్మల సీరియల్. బొమ్మలనగానే చిన్నపిల్లల వ్యవహారమని నేనూ అనుకున్నాను. మొదటి ఎపిసోడ్ చూసి ముక్కు తుడుచుకుంటుంటే పక్క సీటు అమ్మాయి నీళ్ళ సీసా అందించింది. ఒప్పందం ప్రకారం దాని పేరు చెప్పకూడదు. కథ మాత్రం కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు.

హరు అనే పిల్ల సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళలో పని చేస్తుంది. అమ్మానాన్న లేరు. అక్క పడవెక్కి పని కోసం వెళ్ళి తిరిగి రాలేదు. రోజూ సాయంత్రం హరు ఖాళీ ఇంటి తలుపు తీసి "తదైమా" అంటుంది. జపాన్‌లో ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మంలో అనే మాట అది, వచ్చేశాను అని. లోపల ఉన్నవాళ్ళు "ఒకాయెరి" అనాలి, వచ్చావా అని. హరుకి అలా పలికేవాళ్ళు లేరు. అయినా రోజూ అంటుంది.

సీరియల్ మొదటి సగానికి తెలుగు రాసి ఇచ్చాం. జనం తెలుగు పెట్టుకుని చూస్తే రెండో సగం కూడా తెలుగులో వస్తుంది, దాని వెనక ఇంకా చాలా సీరియళ్ళు వస్తాయి. చూడకపోతే భాషల పట్టీలోంచి తెలుగు తీసేస్తారు. సంస్థ తరఫున మాతో మాట్లాడే నందిత గారు ఈ సంగతి మొదటిరోజే చెప్పేశారు.

చూడలేదు. పైగా కింద కామెంట్లు ఒకటే గోల. "ఫ్యాన్‌సబ్స్ దీనికంటే వంద రెట్లు నయం." "పాత తెలుగు ఇవ్వండి బాబూ." ఫ్యాన్‌సబ్ అంటే, కంపెనీలు పట్టించుకోని సీరియల్‌కి అభిమానులే కూర్చుని, ఎవరూ అడక్కుండా, సొంతంగా రాసి పంచే సబ్‌టైటిల్. హక్కుల లెక్క ప్రకారం అది తప్పే. అలా చూసినవాడి దగ్గర నుంచి ఆ బొమ్మలు గీసి నడుం పడిపోయినవాళ్ళకి ఏమీ చేరదు. కానీ ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఇంకో సంగతి కూడా తెలుసు. వీడియో క్యాసెట్ల కాలం నుంచీ పరాయి దేశాల్లో యానిమేకి కళ్ళు అప్పగించిన జనాన్ని తయారు చేసింది ఆ అభిమానులే. కొనేవాళ్ళున్నారని కంపెనీలకు తెలిసింది ఆ తర్వాతే. మా ఆఫీసులో ఈ వాదన టీ తాగినప్పుడల్లా వస్తుంది, ఎప్పుడూ తేలదు.

మా మేనేజరు ప్రకాష్ గారు ఫ్యాన్‌సబ్ ఫైలు ఎక్కడో సంపాదించి నా ముందు పెట్టారు. "వీళ్ళే మన వ్యూయర్స్‌ని లాక్కుంటున్నారని క్లయింట్ అనుమానం. నోటీసు పంపుతారట. ఈలోపు మీరు క్యూసీ చేసి, ఇది ఎంత దరిద్రంగా ఉందో ఒక రిపోర్టు రాసివ్వండి. మన పరువు కూడా నిలబడుద్ది."

నాకు కూడా ఉత్సాహంగానే ఉంది. వంద రెట్లు నయమట! తెరిచి చూస్తే మొదటి లైనే తప్పు. హరు నోరు విప్పకముందే అక్షరాలు వచ్చేశాయి. రెండో లైనూ అంతే. ప్రతి లైను ముందు మాట్లాడేవాళ్ళ పేరు ఉంది, అది మేం రాయకూడదు. వాక్యాలను చిన్న చిన్న ముక్కలు చేశారు. "తదైమా" దగ్గర తెలుగు రాయకుండా ఆ మాటే ఉంచి, తెర పైభాగాన దాని అర్థం, దానికి పలకాల్సిన జవాబూ చిన్నగా వేశారు. నా తెర చూస్తుండగానే ఎర్రబడింది.

అయితే క్యూసీ చేసేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది, తప్పులో కూడా వరస వెతుకుతాం. దుకాణం బోర్డు, ఉత్తరం మీద రాత లాంటివి తెర మీద కనిపించినప్పుడు వీళ్ళ అక్షరాలు ఠంచనుగా సమయానికే వస్తున్నాయి. మనుషులు మాట్లాడినప్పుడే ముందు వస్తున్నాయి. అందులోనూ చిన్న మాటైతే కొంచెం ముందు, పెద్ద మాటైతే ఇంకా ముందు. చేతకాక చేసిన పని అలా ఉండదు. చేతకానివాడి తప్పు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. దీన్ని ఎవరో కొలిచి చేశారు.

"ప్రకాష్ గారూ, ఇది కావాలని చేశారండీ," అన్నాను.

"కావాలని తప్పు చేసేవాళ్ళు కూడా ఉంటారా మేడమ్?"

"అదే చూడాలి."

ఫైలు మొదట్లో ఒక ఈమెయిలు ఉంది. రాస్తే సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. రాసినామె పేరు కమల. సత్తెనపల్లి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. అద్దంకిలో ఉండే స్నేహితురాలు, తనూ కలిసి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చూసి తెలుగు చేశారట. జవాబులో సగం క్షమాపణ, సగం పౌరుషం. "మీ కంపెనీ తెలుగు వస్తోందని ప్రకటించిన రోజే మావి తీసేశాం మేడమ్. అధికారికంగా వస్తే మనం తప్పుకోవాలి, ఇంగ్లీషులో చేసే పాతవాళ్ళు కూడా అలాగే తప్పుకునేవాళ్ళట. ఎవరి ఫోన్లలోనో మిగిలిపోయినవాటికి నేనేం చేయలేను. టైమింగ్ ఎందుకలా ఉందో రాస్తే అర్థం కాదు. ఒకసారి మా ఊరు రండి."

వెళ్ళాను. సత్తెనపల్లి బస్టాండులో కమల స్కూటీతో నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, గబగబా మాట్లాడుతుంది. ఇంటికి తీసుకెళ్తుందనుకుంటే ఊరి బయట మిరపకాయల గోడౌనుకి తీసుకెళ్ళింది. రేకుల కప్పు. లోపల కాయలు ఎర్రగా గుట్టలు పోసి ఉన్నాయి. గుట్టల చుట్టూ నలభై మంది దాకా ఆడవాళ్ళు, ముక్కులకి చీరకొంగులు కట్టుకుని, తొడిమలు తీస్తున్నారు. తొడిమ తీసిన కాయకి ఎగుమతిలో గిరాకీ ఎక్కువ, ఈ పని మిషన్ల కంటే వేళ్ళకే బాగా వచ్చు. గుమ్మం దాటగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి, ఆగవు.

"నోటితో పీల్చమ్మా గాలి, ముక్కుతో కాదు," అని ఒకావిడ అరిచింది. అందరూ నవ్వారు. కళ్ళనీళ్ళు కారుతుండగా నేనూ నవ్వాను.

గోడకి ఒక పాత టీవీ ఉంది. గుమస్తా దాన్ని సినిమాల కోసం పెట్టించాడట. చేతులు ఆగనంతవరకు అందులో ఏం ఆడినా అతనికి పట్టదు. టీవీ కింద కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఒళ్ళో చేటలో కాయలు, ముక్కు మీద కళ్ళజోడు.

"మా పెద్దమ్మ రూతమ్మ," అంది కమల. "మేడమ్, మీ ఆఫీసువాళ్ళు రాసిందే ముందు పెడతాను, చూడండి."

తన ఫోను నుంచి టీవీకి కలిపి, మేం రాసిన ఎపిసోడ్ పెట్టింది. రూతమ్మ గారు గొంతు సవరించుకుని, తెర మీద అక్షరాలు రాగానే పైకి చదవడం మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది నాకు. ఆ నలభై మందిలో చదవగలిగినవాళ్ళు కొద్దిమందే. చదువొచ్చినా తల ఎత్తితే చెయ్యి ఆగిపోతుంది. అందుకని ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు తల వంచుకుని వింటారు. కానీ మా అక్షరాలు హరు గొంతుతో పాటే వచ్చి, ఆమె ఆపగానే మాయమవుతున్నాయి. రూతమ్మ గారి గొంతు హరు గొంతు మీద పడి రెండూ కలగాపులగం అయిపోయాయి. పెద్ద వాక్యాలు సగంలో తెగిపోయాయి. ఐదు నిమిషాలకే ఆవిడ కళ్ళజోడు తీసేశారు.

"ఆ పిల్ల మాట్టాడేటప్పుడే నేనూ మాట్టాడితే ఇద్దరి మాటా ఇనపడదు గదమ్మా," అన్నారు. "మేం చర్చిలో పాట అందిస్తాం చూడు. పుస్తకాలు అందరికీ ఉండవు, ఉన్నా సగం మందికి చదువు రాదు. చరణం ముందు నేను చెబుతా, ఆ ఎనక అందరూ పాడతారు. పాటతో పాటే చెబితే వాళ్ళేం పాడతారు? ముందు చెప్పాలి. అట్టా ముందు వచ్చేట్టు చెయ్యవే అని దీని పానం తీశా."

కమల కాస్త సిగ్గుపడింది. "పెద్దమ్మ ఊపిరిని బట్టి లైన్లు విరిచాను మేడమ్. ఎంత మాట చదవడానికి ఎంతసేపు పడుతుందో చూసుకుని అంత ముందుకు జరిపాను. ఎవరు మాట్లాడుతున్నారో తల ఎత్తి చూడలేరు కాబట్టి పేర్లు పెట్టాను. దీన్నే నెట్‌లో పెట్టాం. ఇళ్ళల్లో అమ్మమ్మలకి చదివి వినిపిస్తున్నామని చాలామంది రాశారు."

"పాతది పెట్టు," అన్నాను.

"తీసేశామండీ, పెట్టకూడదు కదా."

"నేను అడుగుతున్నాను కదమ్మా. ఇది నా పని. మొదటి ఎపిసోడ్ పెట్టు."

పెట్టింది. ఆ తర్వాత జరిగినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు సరిగ్గా చేతకాదు. రూతమ్మ గారు ఏ నటనా లేకుండా, చర్చిలో చరణం చెప్పినట్టే చదివారు. తెర మీద హరు తన అన్నం తోటి పిల్ల ముందుకి జరుపుతోంది. "హరు. ఆకలిగా లేదు, నువ్వు తిను." ఒక్క క్షణం ఖాళీ. అప్పుడు హరు గొంతు వచ్చింది, జపనీసులో, వణుకుతూ, అబద్ధమాడుతూ. అర్థం అప్పటికే చెవిలో ఉంది. ఇక వినడానికి మిగిలింది ఆ గొంతు ఒక్కటే, అది మొత్తంగా వినిపించింది. ఆడవాళ్ళు రూతమ్మ గారు చదివినప్పుడు ఏమీ అనలేదు. హరు పలికినప్పుడు మాత్రం "అయ్యో తల్లీ" అన్నారు, చేతులు ఆగకుండా.

పదేళ్ళుగా నేను తెరల మీద అక్షరాలు వేస్తున్నాను. చూసేవాడి కన్ను అక్షరాల మీద పరిగెత్తుతుండగా నటి గొంతు పక్క నుంచి జారిపోతుందని నాకు తెలుసు. మా పనిలో ఆ నష్టం తప్పదనుకున్నాం, అదెంత తక్కువైతే అంత గొప్ప అనుకున్నాం. ఈ రేకుల షెడ్డులో అసలు నష్టమే లేదు. నేను తుమ్మడం కూడా మర్చిపోయాను.

ఎపిసోడ్ చివర్లో హరు ఇంటికి వచ్చింది. తలుపు తీసింది. రూతమ్మ గారు చదవలేదు, ఊరికే కూర్చున్నారు. హరు చీకటి గదిలోకి చూస్తూ "తదైమా" అంది.

"ఒకాయెరి," అన్నారు నలభై మంది. తల ఎత్తకుండా, తొడిమలు తీస్తూ, మామూలుగా.

పక్కనే కూర్చున్న కోటేశ్వరమ్మ అనే ఆవిడని అడిగాను, ఇందాక గాలి నోటితో పీల్చమన్నది ఈవిడే. "మీరెందుకు పలుకుతున్నారు?"

ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది. "ఎవురో ఒకరు పలకాల గదమ్మా. ఆడపిల్ల ఒంటరిగా కొంపకొచ్చి పిలుస్తుంటే ఊరుకుంటామా? నేను చిన్నప్పుడు చినగంజాం ఉప్పు కొటారుల్లో చేశాలే. అరికాళ్ళు పగిలిపోయి ఇంటికొస్తే, వచ్చావా అనేవాళ్ళు ఉండాల."

"తెలుగు గొంతులతో డబ్బింగ్ చేస్తే మీకు ఇంకా తేలిక కదా?"

"వద్దొద్దు. ఆ పిల్ల ఏడుపు ఆ పిల్లదే ఉండాల. మన రూతమ్మ ఉంది గదా చెప్పటానికి."

తర్వాత అందరూ ఒక్కసారిగా కమల మీద పడ్డారు. అక్క పడవ తిరగబడి దొరికిన చోట కథ ఆగిపోయింది. సరిగ్గా అక్కడే కంపెనీ ప్రకటన వచ్చింది, కమల మానేసింది. కంపెనీది పెడితే రూతమ్మ గారికి అందదు. "అక్క ఉందో పోయిందో చెప్పి చావవే" అని ఒకావిడ. "తీసేశానంటది, నీతి తగలడ, మాకు మాత్రం చేసి పెడితే ఎవడు చూడొచ్చాడు" అని ఇంకొకావిడ. కమల తల వంచుకుని నవ్వింది గానీ మెత్తబడలేదు.

"గీసినవాళ్ళకి పోవాల్సింది పోవాలి కదా అత్తా. ఇన్నాళ్ళు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి చేశాం. ఇప్పుడు వాళ్ళు ఇస్తున్నారు."

"ఇచ్చారు, ఇచ్చారు. ఇనపడకుండా ఇచ్చారు," అంది కోటేశ్వరమ్మ. ఆ ఇచ్చినవాళ్ళలో నేనొకదాన్ని. తల తిప్పుకున్నాను.

వాళ్ళ అనుమతి అడిగి ఆ మొదటి ఎపిసోడ్ చివరి రెండు నిమిషాలు మళ్ళీ పెట్టించి ఫోన్లో వీడియో తీసుకున్నాను. ముఖాలు పడకుండా, చేతులూ కాయలూ టీవీ మాత్రం పడేట్టు. మర్నాడు ప్రకాష్ గారు రిపోర్టు అడిగితే ఆ ఫోను ఆయన చేతిలో పెట్టాను. ఆయన ముందు చిరాగ్గా చూశారు. "ఒకాయెరి" వచ్చినప్పుడు వీడియో ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశారు.

"వీళ్ళు ఎవరు?"

"మన వ్యూయర్సండీ. లాక్కోబడినవాళ్ళు."

ఆయన ఫోను తిరిగి నా చేతిలో పెట్టారు. "క్లయింటుకి నోటీసు గురించి నేను చెబుతాను. ఇది మీరు చూపించండి," అన్నారు.

నందిత గారితో వీడియో కాల్. ఆవిడ ఢిల్లీలో పెరిగిన తెలుగమ్మాయి, తెలుగు చక్కగా మాట్లాడతారు, మొహమాటం అసలు లేదు. చూసి కళ్ళు తుడుచుకున్నారు. కమల టైమింగ్‌తో ఇంకో తెలుగు సబ్‌టైటిల్ కూడా పెట్టమని అడిగితే, తుడుచుకుంటూనే "రెండో ట్రాక్ పెట్టడం కుదరదు" అన్నారు. ఒక భాషకి ఒకే ట్రాక్, అది పై ఆఫీసులో రూలు. మాటకంటే ముందు అక్షరాలు వేస్తే నగరాల్లో చూసేవాళ్ళు గోల పెడతారు.

"సరే. కానీ ఒక మాట చెప్పండి," అన్నాను. నాకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "మీ సీరియల్‌ని మీరు తెలుగులో ఇవ్వకముందే తెలుగు చేసిన మనుషులు వీళ్ళు. మీరు వస్తున్నారనగానే పక్కకి తప్పుకున్నారు. వీళ్ళకి నోటీసు ఇస్తారా, ఉద్యోగం ఇస్తారా?"

ఆవిడ సమయం అడిగారు. వారం పైన పట్టింది. ఆ వారం నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు. నాకు భయం నోటీసు గురించి కాదు. తెలుగు తీసేస్తారని, ఆ షెడ్డులో కథ పడవ దగ్గరే ఆగిపోతుందని.

జవాబు సగం సగంగా వచ్చింది. రెండో ట్రాక్ లేదు. నోటీసు లేదు. రెండో సగానికి తెలుగు ఉంటుంది, అది కమల రాయాలి, క్యూసీ నేను చేయాలి. పైన వేసే అర్థాలు, జపనీసు మాటలు అభిమానులు పెట్టినట్టే ఉంచొచ్చు. నందిత గారు సీరియల్ హక్కుదారులతో మాట్లాడి, ఆ ఒక్క గోడౌనులో చదివి వినిపించుకోవడానికి విడిగా టైమింగ్ మార్చిన కాపీకి రాతపూర్వకంగా అనుమతి ఇప్పించారు. ఆ కాగితం కమల ఇంట్లో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు, యేసు ప్రభువు పటం పక్కన.

కమలతో పనిచేయడం మాత్రం అంత తేలిక కాలేదు. రీడింగ్ స్పీడ్ దాటిందని నేను ఎర్ర గుర్తు పెడితే, "పెద్దమ్మ ఒక ఊపిరిలో చదివేస్తుంది మేడమ్" అనేది. "విశాఖపట్నంలో చూసేవాళ్ళకి చదివి పెట్టడానికి మీ పెద్దమ్మ లేదమ్మా" అని నేను. ఫోన్లోనే కొట్లాడుకునేవాళ్ళం, మర్నాడు మళ్ళీ మామూలు. మొదటి సగాన్ని కూడా సరిచేసి ఎక్కించాం. మెల్లగా కామెంట్లు మారాయి. "పాతవాళ్ళే చేస్తున్నట్టున్నారు" అని ఒకరు రాస్తే ఆ మాట ప్రకాష్ గారు ప్రింటు తీసి గోడకి అంటించారు.

చివరి ఎపిసోడ్ దగ్గర పెద్ద గొడవే అయింది. అక్క బతికే ఉంది. ఆఖరి సన్నివేశంలో గుమ్మంలో నిలబడి "తదైమా" అంటుంది, లోపల హరు ఉంది. కమల ఆ చోట ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసింది. పైన అర్థం కూడా లేదు. మా సాఫ్ట్‌వేరు "మాట ఉంది, సబ్‌టైటిల్ లేదు" అని గుర్తు పెట్టింది. మా పనిలో దాన్ని మించిన తప్పు లేదు.

"ఇక్కడ ఏం వద్దు మేడమ్," అంది.

"వద్దంటే ఎలా? సీరియల్ అంతా దీని కోసమే కదా నడిచింది!"

"అందుకే వద్దు."

ఒకరోజంతా పట్టుకుని కూర్చున్నాను. చివరికి అది కావాలనే వదిలిందని నా పేరుతో రాసి సంతకం పెట్టాను. నందిత గారు ఒక్క మాట కూడా అడక్కుండా ఒప్పుకున్నారు. నేను సంతకం పెట్టింది పూర్తిగా నమ్మకం కుదిరి కాదు, కమల నాకంటే ఆ షెడ్డుకి దగ్గర మనిషని తెలిసి.

ఆ ఏడాది చివర, కొత్త కాయ ఇంకా రాకముందు, కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన సరుకు గోడౌనుకి వచ్చినప్పుడు ఆఖరి ఎపిసోడ్ వేశారు. నేనూ వెళ్ళాను. ఈసారి ముక్కుకి చున్నీ కట్టుకుని, కోటేశ్వరమ్మ పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాను. ఆవిడ నా ముందు కూడా ఒక చేట పెట్టింది. నా వేళ్ళు మండిపోయాయి. నేను తీసిన తొడిమలు చూసి ఆవిడ "గుమస్తాకి చూపించమాక" అంది.

రూతమ్మ గారు చదువుతూ వచ్చారు. ముందు ఆవిడ మాట, ఒక క్షణం ఖాళీ, ఆ వెనక సముద్రం అవతలి గొంతు. ఆఖరికి హరు ఇంట్లో దీపం ముందు కూర్చుని ఉంది. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు. రూతమ్మ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తెర మీద అక్షరాలు లేవు.

"తదైమా," అంది బయటి నుంచి ఒక గొంతు. అది హరుది కాదు.

షెడ్డులో మొదటిసారి చేతులు ఆగిపోయాయి. తలలన్నీ లేచాయి. తెర మీద హరు నోరు తెరిచింది, మాట రాలేదు. దర్శకుడు అక్కడ ఎంతసేపు మౌనం ఉంచాడో నాకు తెలుసు, ఆ ఫ్రేములన్నీ నేనే చూశాను. కానీ ఆఫీసులో చూసిన మౌనం వేరు, ఇది వేరు. ఎవరూ పలకలేదు. ఇన్నాళ్ళూ ఖాళీ ఇంటి బదులు పలికినవాళ్ళు, ఇప్పుడు ఇంట్లో మనిషి ఉంది కదా అని, ఆ పిల్ల కోసం ఆగారు.

"అను తల్లీ," అంది కోటేశ్వరమ్మ, చాలా చిన్నగా. "నువ్వే అనాల."

"ఒకాయెరి," అంది హరు.

రూతమ్మ గారు చప్పట్లు కొట్టారు. తర్వాత షెడ్డంతా ఏడుపులు, నవ్వులు, తుమ్ములు. గుమస్తా ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. కమల గోడకి ఆనుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా ఏడ్చాను, నెపం ఎలాగూ మిరపకాయల మీద ఉంది.

ఈ పనికి వచ్చిన కొత్తవాళ్ళు ఏది తప్పో ఎలా తెలుసుకోవాలి అని నన్ను అడుగుతుంటారు. రూల్సు నేర్పిస్తాను, వాటిలో ఏ ఒక్కటీ వదలను. ఆ తర్వాత ఈ సంగతి చెబుతాను. ఎర్ర గుర్తు పెట్టేముందు అవతల ఎవరు వింటున్నారో ఒకసారి వెళ్ళి చూడమంటాను. ఆ సీరియల్ ఫైలు ఇప్పటికీ మా సిస్టంలో ఉంది. చివరి పేజీలో ఒక లైను ఖాళీగా, ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ఎవరినీ ముట్టుకోనివ్వను.